గోదావరి తాబేళ్ల జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవ సభలో ఏదేని యొక విషయముపై ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను నన్నయ భట్టారకుని గూర్చియో, పోతనామాత్యుని గూర్చియో ముచ్చటించుదునని మిత్రులు తలచి యుందురు. వారిని పూర్తిగా విడిచిపెట్టను గాని, నేడు నేనెన్నుకొన్న విషయము తాబేలు. నవ్వవలదు. నేను లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను. మా యింట కరణీకము పోయి నాలుగు దశాబ్దములు దాటినను లెక్క మాత్రము పోలేదు. నాడు శిస్తు లెక్క, నేడు సహకార సంఘపు లెక్క. జమ యొకవైపు, ఖర్చు వేరొకవైపు వేసి చూచినగాని నాకే సంగతియు బోధపడదు. మన కాలువలలోని తాబేళ్లకు కూడ అట్టి యొక చిట్టా కలదు. ఆ చిట్టాలో ఖర్చు పేజీ వేగముగా నిండుచున్నది. జమ ఏ విధముగా వచ్చునో చాలమందికి తెలియదు. తెలియజేయుటకే ఈ ప్రసంగము.

మన సాహిత్యమున తాబేటికి తక్కువ చోటు లేదు. క్షీరసాగర మథన వేళ మందరగిరి క్రుంగిపోవుచుండగా వీపొడ్డి నిలిపినది ఆదికూర్మము. శ్రీకాకుళము జిల్లా శ్రీకూర్మమునందు ఆ స్వామికి ఆలయము కలదు; ఆ ప్రాంగణమున నక్షత్రపు తాబేళ్లను పోషించుచుందురు. మన రాజమహేంద్రవరమున నన్నయ భట్టు తెనిగించిన ఆదిపర్వములో గజకచ్ఛపముల వృత్తాంతము వచ్చును. విభావసుడు, సుప్రతీకుడు అను అన్నదమ్ములు తండ్రి యాస్తి పంపకము కడ తగవులాడి, ఒకరినొకరు శపించుకొని, అన్న తాబేలును తమ్ముడు ఏనుగును అయి, ఒక కొలనుకడ పోరాడుచుండగా, ఆకలిగొన్న గరుత్మంతుడు వచ్చి ఇరువురిని చెరియొక కాలితో పట్టుకొనిపోయెను. పంపకపు కాగితములు ముప్పది యేండ్లుగా చూచుచున్న నాకు ఆ కథలో వింత యేమియు కానరాదు.

కాని నాకు మిక్కిలి ప్రీతియైన తాబేలు అరణ్యపర్వమున కలదు. ఇంద్రద్యుమ్నుడను రాజు పుణ్యము చేసి స్వర్గమున కేగెను. చాల కాలమునకు భూలోకమున ఆయన కీర్తి అణగిపోయినదను కారణమున స్వర్గమునుండి జారిపడెను. తన్నెరిగిన వారొక్కరైనను మిగిలియున్నారా యని ఆయన చిరంజీవియైన మార్కండేయుని అడిగెను. ఆయన ఎరుగననెను, హిమవంతమున తనకంటె పెద్దదైన గుడ్లగూబ కలదనెను. గుడ్లగూబ ఎరుగననెను, ఒక సరస్సున తనకంటె వృద్ధమైన కొంగ కలదనెను. కొంగయు ఎరుగననెను; ఆ సరస్సులోనే తనకంటె ముందు పుట్టిన అకూపారుడను తాబేలు కలదనెను. పిలువగా ఆ ముసలి తాబేలు గట్టునకు వచ్చి, రాజును చూచి, కన్నీరు నించి, చేతులు జోడించి, ఈతని నెట్లు మరతును, ఈతడు దానమిచ్చిన గోవుల డెక్కల త్రొక్కిడికే గదా నేను బ్రదుకుచున్న ఈ సరస్సు ఏర్పడినది అనెను. అంతట రాజునకు మరల స్వర్గమునుండి రథము వచ్చెను.

చూచితిరా! ఋషి మరచినదానిని, పక్షులు ఎరుగనిదానిని, మడుగులోని తాబేలు జ్ఞాపకముంచుకొన్నది. అదియు సముద్రపు తాబేలు కాదు, మంచినీటి తాబేలు. మన చెరువులలోని దానికి బంధువు. పుస్తకము లేకయే లెక్క నిలిపిన ఆ అకూపారుని నేను మా వృత్తికి మూలపురుషునిగా భావింతును.

ఇక మన ఊరి తాబేటి కడకు వత్తము. మనవారు అన్నిటిని తాబేలనియే అందురు గాని, మన డెల్టాలో మంచినీటి తాబేళ్లు ఒక్క తెగవి కావు. చెరువులలోను, పంటకాలువలలోను, వరిచేల బోదెలలోను మనకు తరచుగా కనబడునది మెత్తని వీపు గల బురద తాబేలు. గట్టి నల్లని చిప్ప గల చిన్న తాబేలు మరియొకటి కలదు. మూడవది ఏటి తాబేలు, గోదావరి కృష్ణా కావేరుల వంటి పెద్ద నదులలో నుండునది. దానిని గూర్చి పిదప చెప్పెదను.

బురద తాబేటి వీపుపై కొమ్ముతో చేసినట్టి పలకలు లేవు. ఎముకపై చర్మము కప్పియుండును. ఉత్తరాదిని గంగా ప్రాంతమున దీని జాతివానికి వీపుపై పసుపు చుక్కలు ఉండును. దక్షిణాదివి సాదా రంగువి. దీని విశేషము అడుగుచిప్పలో కలదు. వెనుక కాళ్లు దాగు చోట ఇరుప్రక్కల రెండు చర్మపు మూతలున్నవి. కాళ్లు లోనికి తీసికొన్న వెంటనే, ఆడువారు తాంబూలపు పెట్టె మూసినట్లు, అవి మూసికొనిపోవును. స్థితప్రజ్ఞుని లక్షణము చెప్పునప్పుడు గీతాచార్యుడు అవయవములను ముడుచుకొను కూర్మమును ఉపమానముగా గైకొనెను గదా! ఆ యుపమానమునకు మన బురద తాబేటి కంటె చక్కగా సరిపోవు తాబేలు వేరొకటి లేదని నా అభిప్రాయము. తలుపులు కూడ వేసికొనునది ఇదియే.

ముక్కు చిన్న గొట్టము వలె ముందుకు సాగియుండుటచేత, దేహమంతయు నీటిలో నుంచి ముక్కు కొన మాత్రము పైకి పెట్టి ఊపిరి పీల్చును. నీటిలో మునిగియున్నప్పుడు చర్మము ద్వారాను, గొంతుక లోపలి పొర ద్వారాను కూడ కొంత ప్రాణవాయువును గ్రహింపగలదు. ఆహారము విషయమున దీనికి నియమములు లేవు. నత్తలు, కప్పలు, పురుగులు, చచ్చిన చేపలు, నీటిమొక్కలు అన్నియు తినును. కాలువలో కొట్టుకొని వచ్చిన కళేబరమును శుభ్రము చేయువారిలో ఇదియు నొకటి. జీతము బత్తెము లేని పాకీపని అది.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప ఈ సీమయంతట కాలువలు, పిల్లకాలువలు అల్లుకొన్నవి. కాటను దొర తాబేళ్ల కొరకు త్రవ్వింపలేదు గాని, బురద తాబేటికి ఇంతకంటె అనువైన ఇల్లు ఎవరు కట్టియిచ్చియుందురు? వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు అది ఎక్కడికి పోవునని కొందరు పిల్లలు నన్నడిగినారు. ఎక్కడికిని పోదు. బురదలో, చెరువు గట్టు నేలలో దూరి, తిండి లేక, కదలక, తొలకరి వరకు పడియుండును. దేహమున కూడబెట్టుకొన్న క్రొవ్వుతోడనే ఆ నెలలు గడపును. మనమందరము ఎండకు ఉస్సురనుచు తిరుగు రోజులలో మన పాదముల క్రిందనే అది తపస్సు చేసికొనుచుండును. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు; వ్యాపారి దీనినే జ్ఞాపకముంచుకొన్నాడు.

సంతానము సంగతి ఇంకను ఆశ్చర్యకరము. ఆడుది గట్టెక్కి, వెనుక కాళ్లతో గుంత త్రవ్వి, గోళీలవలె గుండ్రని గట్టి గ్రుడ్లను పెట్టి పూడ్చి పోవును. ఒక్కొక్క మారు పెట్టునవి కొద్దియే. రెండు మొదలు పండ్రెండు, పదునాలుగు వరకు. ఏడాదిలో ఒకటి కంటె నెక్కువ మార్లు పెట్టగలదు. కోడి గ్రుడ్డు మూడు వారములలో పగులును. ఈ గ్రుడ్లలోని పిండము కొంత కాలము పెరుగుటయే మానివేసి నిద్రించును; చలి వేడిమి మారి, అదను వచ్చినదని తెలిసిన పిదప మరల పెరుగ నారంభించును. ఈ నిద్రతో కలిపి తొమ్మిది నెలల వరకు కూడ పట్టవచ్చును. మానవ శిశువంత కాలము ఒక చెరువుగట్టు మట్టిలో ఆ గ్రుడ్డు పడియుండవలెను. ఈలోపల ఉడుము త్రవ్వును, ముంగిస త్రవ్వును, నక్క త్రవ్వును, ఇప్పుడు మట్టి తీయు యంత్రము కూడ త్రవ్వుచున్నది. పగిలి వచ్చిన పిల్లను కొంగ చూచును, నీట దిగిన పిల్లను కొరమేను చూచును.

ఇచ్చటనే నా లెక్క మొదలగును. ఒక తల్లి తన జీవితకాలమున పెట్టిన గ్రుడ్లన్నిటిలో రెండు పిల్లలు పెద్దవై నిలిచిన చాలును. జాతి తరుగదు, పెరుగదు. మిగిలినవన్నియు కొంగకు, ఉడుమునకు పోయినను నష్టము లేదు. అవి వడ్డీలోనుండి పోవుచున్నవి. కాని ఆ తల్లి యున్నదే, అది అసలు. పిల్ల పెరిగి గ్రుడ్డు పెట్టుదశకు రావలెనన్న ఏండ్లు పట్టును. పెద్ద తాబేళ్ల జాతులలో పది యేండ్లు దాటును. అంత ప్రమాదమును దాటి వచ్చిన తల్లిని ఒకదానిని తీసిన, దానికి బదులు నిలువవలసిన దానికొరకు మరల అన్ని గ్రుడ్లు, అన్ని యేండ్లు ఖర్చు కావలెను. వడ్డీ తిన్నవాడు బాగుపడవచ్చును. అసలు తిన్నవాని సంగతి మన యూరిలో ఎవరికిని చెప్పనక్కరలేదు.

ఈ అసలు వడ్డీల తగవు ఒక మహానదీ తీరమున మనకంటె ముందుగా, మనకంటె పెద్ద యెత్తున జరిగినది. దాని లెక్కలు అచ్చుపడి యున్నవి గనుక మన గోదావరి కథ చెప్పుటకు ముందు దానిని వినుడు. ఆ దేశము దక్షిణ అమెరికా. ఆ నదులు ఒరినోకో, అమెజాను. ఆ నదులలో అర్రావు అను పెద్ద మంచినీటి తాబేలు కలదు. ఆడుదాని వీపుచిప్ప దాదాపు రెండున్నర అడుగుల పొడవుండును. అది మెడను లోనికి తీసికొనజాలదు. ప్రక్కకు మడచి చిప్ప అంచు క్రింద దాచుకొనును. గీత అమెజాను తీరమున చెప్పబడియున్నచో ఆచార్యుడు వేరొక ఉపమానము వెదకికొనవలసి వచ్చెడిది!

ఈ తాబేళ్లు వరద తీసి ఇసుక తిన్నెలు బయటపడిన దినములలో, వేలకొలది ఒక్కచోటికి చేరి, రాత్రివేళ గట్టెక్కి గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్కటి వంద వరకు పెట్టును. ఇసుక వేడిమి ఎక్కువైన ఆడుపిల్లలు, తక్కువైన మగపిల్లలు పుట్టును. వరద ముందుగా వచ్చిన గూళ్లన్నియు మునిగిపోవును. 1800లో ఒరినోకో తీరమునకు పోయిన హంబోల్టు అను జర్మను పండితుడు అచ్చటి గ్రుడ్ల కోతను చూచెను. కోత అనియే అనవలెను, మన వరి కోత వలెనే ఊళ్లకు ఊళ్లు తరలివచ్చెడివారు. గ్రుడ్లను చితుకగొట్టి నూనె తీసెడివారు. దీపములకు అదే, వంటకు అదే. అచ్చట ఏటేట తీయు 5,000 జాడీల నూనెకు 3 కోట్ల 30 లక్షల గ్రుడ్లు కావలెనని, అనగా 3 లక్షల 30 వేల తల్లులు పెట్టినవని ఆయన అంచనా కట్టెను. ఆయన వ్రాసిన ఇంకొక సంగతి నా మనస్సున నాటుకొన్నది. పూర్వము ఆ తీరమున అధికారము చేసిన జెసూటు పాదిరీలు తిన్నె నంతటిని త్రవ్వనీయక, కొంత భాగమును సంతతి కొరకై విడిచిపెట్టించెడివారట. వారి వెనుక వచ్చినవారు ఆ కట్టడిని ఎత్తివేసి మొత్తము త్రవ్వనిచ్చినారు. కరువు సంవత్సరమున కూడ విత్తనపు వడ్లు వండుకొనని రైతులకు ఇందలి భేదము నేను విడమరచి చెప్పవలెనా?

అర్ధ శతాబ్దమునకు పిమ్మట బేట్సు అను ఆంగ్లేయుడు అమెజాను ప్రాంతమున 1848 మొదలు 1859 వరకు పదునొకండు ఏండ్లు నివసించి, సీతాకోకచిలుకలను పురుగులను సేకరించి, 1863లో ఒక గ్రంథము ప్రకటించెను. దానిలో ఆయన వేసిన హెచ్చవేత నాకు కంఠస్థము. ఎగువ అమెజాను, మడీరా నదుల నుండి ఏటేట ఎగుమతియగు నూనె 6,000 జాడీలు. స్థానికుల వాడుక 2,000 జాడీలు. వెరసి 8,000. ఒక్క జాడీకి పట్టు గ్రుడ్లు 6,000. హెచ్చింపగా 4 కోట్ల 80 లక్షలు. గ్రుడ్లు పెట్టు కాలమున తాబేళ్లు బెదరకుండ తిన్నెలకు కావలివారిని కూడ పెట్టెడివారనియు, పెట్టుట ముగిసిన పిదప ఒక దినము నిర్ణయించి ఊరివారందరు కలసి త్రవ్వెడివారనియు ఆయన వ్రాసెను. ఖాళీ పడవలో గ్రుడ్లు పోసి, చితుకగొట్టి, నీరు పోసి ఎండకు విడిచిన నూనె పైకి తేలును. దానిని గరిటెలతో తీసి కాచెడివారు. ఎంత శ్రద్ధగా కాపలా కాచి, ఎంత శ్రద్ధగా దోచినారో చూడుడు. గ్రుడ్లతో పోయిన కథ కూడ కాదు. గట్టెక్కిన తల్లులను వెల్లకిల త్రిప్పి పట్టుకొని మాంసమునకు అమ్మెడివారు. వడ్డీతోపాటు అసలు కూడ పోయినది. హంబోల్టు చూచిన తీరమున నేడు పూర్వపు సంఖ్యలో స్వల్పాంశము మాత్రమే మిగిలినది.

ఈ జాతి మరల కోలుకొన్న చోట్లు కూడ కలవు. బ్రెజిల్ ప్రభుత్వము 1979లో గ్రుడ్లు పెట్టు తిన్నెల రక్షణకు ఒక పథకము నారంభించినది. 2025లో పండితులు యంత్రపు పక్షులను ఎగురవేసి తీసిన ఛాయాచిత్రములను బట్టి, బ్రెజిల్ బొలీవియా దేశముల నడుమ ప్రవహించు గ్వాపోరే నదిలో ఒకే తావున 41,000 పైచిలుకు అర్రావు తాబేళ్లను లెక్కకట్టినారు. కాని నాకు ప్రభుత్వపు లెక్క కంటె జురువా నది గ్రామముల లెక్క ముఖ్యమైనది. అచ్చటి ఊరివారే తమ ఊరి తిన్నెకు తామే కావలి కూర్చున్నారు. 2018లో ప్రకటితమైన పరిశోధన ప్రకారము, కావలి యున్న తిన్నెలపై 2,000 పైచిలుకు గూళ్లలో నూటికి రెండు మాత్రమే దొంగల పాలైనవి. కావలి లేని తిన్నెలపై నూటికి 99 పోయినవి. రెండు, తొంబదితొమ్మిది. నది ఒక్కటే, తాబేలు ఒక్కటే, చట్టము ఒక్కటే. తిన్నె మీద ఊరివాడు కూర్చున్నాడా లేదా యను నంతయే భేదము. తాబేళ్ల కొరకు కాచిన ఆ తిన్నెలపై నీటిపక్షులును, పెద్ద బల్లులును, చేపలును కూడ వృద్ధి యైనవట.

ఇంకొక మాట చెప్పి గోదావరికి మరలుదును. తాబేలు మూగదని మనవారి నమ్మకము. బ్రెజిల్ పండితులు నీటిలో మాటలు పట్టు యంత్రములను దించి వినగా, అర్రావు పిల్లలు గ్రుడ్డులో నుండగనే సన్నని చప్పుడు చేయునని తేలినది. తల్లులు గ్రుడ్లు పెట్టి పోక, ఆ సమీపపు నీటిలోనే వారముల తరబడి కాచుకొనియుండి, నీట దిగిన పిల్లల కేకలకు బదులు పలికి, వానితో కలిసి వరద అడవులలోనికి పోవును. ఈ సంగతి చదివినప్పుడు నేను పుస్తకము మూసి కొంతసేపు ఊరక కూర్చుంటిని.

మన గోదావరిలోను పెద్ద తాబేలు కలదని మొదట చెప్పితిని. మెత్తని వీపు గల ఆ ఏటి తాబేటికి 1872లో బ్రిటిషు మ్యూజియమునందలి గ్రే అను పండితుడు, బొంబాయి సైన్యపు వైద్యుడైన లీత్ పేర నామకరణము చేసెను. పిల్లతనమున దాని వీపుపై కన్నులవంటి గుండ్రని మచ్చలుండును. ఇది దక్షిణాపథపు నదుల సొత్తు. గంగలో దీని దాయాదులు వేరు. అట్టి మన తాబేటిని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారు 2021లో, అంతరించుటకు ఒక్క మెట్టు మాత్రమే మిగిలిన జాతులలో చేర్చినారు. మరుసటి సంవత్సరము పనామాలో దేశములన్నియు సమావేశమై దీని అంతర్జాతీయ వ్యాపారమును నిషేధించు పట్టికలో వ్రాసినవి. మన బురద తాబేలు కూడ 2021లో ప్రమాదపు పట్టికలో చేరినది. మన చెరువులో నిన్న మొన్నటి వరకు పిల్లలు రాయి విసరిన తాబేలు, ఏ దేశపు పట్టికలోనో ప్రమాదమున నున్నదని చదువవలసి వచ్చుట నాకు రుచింపలేదు.

కారణములు మన కన్నుల ముందున్నవి. ఏటి తాబేలు గ్రుడ్లు పెట్టుటకు ఒడ్డు కావలెను, ఇసుక కావలెను. ఆ యిసుక లారీలలో పోవుచున్నది. చెరువు గట్లకు సిమెంటు పలకలు పరచినచోట గుంత త్రవ్వుటకు మట్టి లేదు. వీటికంటె త్వరగా ప్రాణము తీయునది బస్తా వ్యాపారము. నీరు తీసిన కాలమున, బురదలో తపస్సు చేయుచున్న తాబేటిని ఇనుప చువ్వతో పొడిచి చూచి, చిప్ప తగిలిన చప్పుడును బట్టి త్రవ్వి తీయుదురు. బరువు చొప్పున కొందురు. బరువు గలది ఏది? ఈ జాతిలో ఆడుదే పెద్దది. కావున తూకపు రాతికి మొదట ఎక్కునది తల్లియే. గోదావరి జిల్లాల నుండియు, కొల్లేటి ప్రాంతము నుండియు ఇట్లు పోగుచేసిన తాబేళ్లను ప్రాణముతోనే బస్తాలలో కుక్కి ఒడిశా మీదుగా తూర్పు రాష్ట్రముల బజారులకు తరలించుచుండగా పట్టుబడిన వార్తలు పత్రికలలో పలుమార్లు వచ్చినవి. ఒకప్పుడు ఇంటి కూరకు ఒకటి పట్టుటకును, బండ్లకొలది తరలించుటకును గల వ్యత్యాసము అర్రావు కథలో చూచితిరి.

చట్టము లేకపోలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున ఈ తాబేళ్లు, పెద్దపులి ఒకే మొదటి పట్టికలో నున్నవి. పట్టుట, అమ్ముట, కొనుట, ఇంట నుంచుకొనుట అన్నియు నేరములే. మూడేండ్లకు తక్కువ కాకుండ ఏడేండ్ల వరకు ఖైదు. అయితే పట్టుబడునది ఎవరు? ఎండలో బురద త్రొక్కి పొడిచిన కూలివాడు. ఆతడు ఆ పూట బియ్యము కొరకు పొడిచినాడు. తూకము వేసినవాడు, లారీ కట్టించినవాడు దూరమున నుండును. ఆ కూలివానిని ఈ సభలో నిందించుటకు నాకు నోరు రాదు. ఆతనికి సంగతి చెప్పవలసినది మనము, వేసవిలో ఆతనికి మరియొక పని చూపవలసినదియు మనమే. ఊరికి ఎరుగని వాహనము వచ్చి బస్తాలు తూచుచున్నప్పుడు ఎవరని అడుగగలవాడు మాత్రము చాటుకు పోరాదు.

చేపల చెరువుల వారు నాకొక ప్రశ్న వేయుదురని తెలియును. తాబేలు మా చేపపిల్లలను తినుచున్నది, దానిని మేమేల కాపాడవలెను? ఆ మాట పూర్తిగా అసత్యమని నేననను. అందిన చేపను అది విడువదు. కాని అది వేగముగల ప్రాణి కాదు. దానికి ఎక్కువగా దొరకునవి నత్తలును, చచ్చినవియు, జబ్బుచేసి తేలినవియు. చచ్చిన చేప చెరువులో క్రుళ్లిన ఏమగునో మీకు నాకంటె బాగుగా తెలియును. గట్టు చుట్టు మూరెడు ఎత్తు వల కట్టిన అది లోనికి రాదు. పలువురు పాముల కొరకు ఎట్లును కట్టుచునే యున్నారు. మందు పెట్టవలదు.

ఈ సందర్భమున ఒక చిన్న మాట. ఇటీవల అదృష్టము కలిసివచ్చునని తాబేలు బొమ్మ ఉంగరములు ధరించుట మనలో ప్రబలినది. ఈ సభలోనే పది వ్రేళ్లకు తక్కువ కాకుండ నాకు కనబడుచున్నవి. ధరింపుడు, నేను వలదనను. బొమ్మ వ్రేలికి, ప్రాణమున్నది బస్తాకు అన్న పంపకము మాత్రము గరుత్మంతుని కథలోని పంపకము కంటె అన్యాయముగా నున్నది.

చేయదగిన పని ఏమి? కొన్ని మిక్కిలి చిన్నవి. దమ్ము చేయునప్పుడు, ట్రాక్టరు నాగలికి తాబేలు అడ్డుపడిన, బండి ఆపి ప్రక్క బోదెలో విడువుడు; దూరపు చెరువునకు మోసికొనిపోవలదు, దానికి తన తావు తెలియును. నీరు శుభ్రపడునని తాబేటిని బావిలో వేయు అలవాటు కొన్ని యూళ్లలో కలదు. బావిలో అది బ్రదుకును గాని గట్టు లేదు, గ్రుడ్డు లేదు. చిట్టాలో అది నాడే కొట్టివేసిన పద్దు. చెరువుగట్టున గ్రుడ్లు కనబడిన, మట్టి కప్పి, గుర్తుగా ఒక పుల్ల నాటి, ఆ మూరెడు మేర మట్టి తీయనీయకుడు. గ్రుడ్లను అటునిటు త్రిప్పవలదు, ఇంటికి తేవలదు. తొమ్మిది నెలలు ఆగవలెనని ముందే చెప్పితిని.

ఇంకొకటి మన గ్రంథాలయము చేయదగినది. ఎన్ని తాబేళ్లున్నవో ఎరుగని ఊరికి ఎన్ని పోయినవో తెలియదు. అందుచేత నేనొక బౌండు పుస్తకము కొని, నా చేతితో గీతలు గీచి తెచ్చినాను. ఏడు గళ్లు పెట్టితిని: తేది, చూచిన తావు, అనగా ఏ చెరువు, ఏ కాలువ, ఏ రేవు, మెత్తని వీపుదా, గట్టి చిప్పదా, జానతో కొలత, ప్రాణముతో నున్నదా, చచ్చినదా, గ్రుడ్లున్నవా, చూచినవారి పేరు. పేరు వ్రాయుట కిష్టము లేనివారు ఆ గడి ఖాళీగా విడువవచ్చును. పిల్లలు వ్రాసిన అక్షర దోషములు దిద్దవలదని నా మనవి. తేది, తావు మాత్రము తప్పకుండవలెను. పత్రికల బల్లపై, దినపత్రిక ప్రక్కన ఇది ఉండవలెను, బీరువాలో పెట్టి తాళము వేయరాదు. ఏటేట ఉగాదికి ముందు నేను కూడికలు వేసి గోడకు అంటింతును.

మొదటి పద్దు నేనే వ్రాసినాను. మన ఊరి చివర లాకుల దిగువ, ఎడమ గట్టున, గడ్డి మొదట ఒకటి ఎండ కాగుచుండెను. మెత్తని వీపు, జానకు పైగా నాలుగు వ్రేళ్లు, ప్రాణముతో నున్నది. అలికిడికి నీటిలో దిగెను గనుక గ్రుడ్ల గడి ఖాళీగా విడిచితిని. కార్యదర్శిగారు వేదికపైకి వచ్చి ఈ పుస్తకమును స్వీకరింప ప్రార్థించుచున్నాను.